నాలుగు వేళ్ళ దూరంలో బ్రేకు

మొన్న నెలాఖరు రోజున ఏం జరిగిందో వినండి. మనిషి కాలికీ బండి బ్రేకుకీ మధ్య నాలుగు వేళ్ళ దూరం పెరిగితే ఏమవుతుంది? యాక్సిడెంట్ అంటారు మీరు. అదైతే ఒక్క క్షణంలో అయిపోయేది. ఇది చాలాసేపు అయింది. అదీ ప్లాంట్ గేటు ముందు, షిఫ్టు వదిలే వేళ, ఇంత జనం చూస్తుండగా!

మా చెల్లెలు సత్య భర్త అప్పల్రాజు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. ఆ రోజు అతని ఆఖరి డ్యూటీ. మా భిలాయిలో రిటైరయ్యే మనిషి తన దారిన తాను ఇంటికి రాకూడదు. గేటు దగ్గర దండలు వేసి, బండి వెనక సీట్లో కూర్చోబెట్టి, వీధి మొదట్నుంచి ధుమాల్ అనే డప్పుల బాజాతో ఊరేగించి తీసుకొస్తారు. గుమ్మంలో హారతి. పెళ్ళిలో కూడా మగవాడికి అంత గౌరవం దక్కదు. అక్కడ సగం పెళ్ళికూతురికి పోతుంది.

అప్పల్రాజు ఎప్పుడూ ఏదీ అడిగే మనిషి కాదు. ఈసారి అడిగాడు.

"వదినా, ఇన్నేళ్ళూ ఆ కేబిన్లో కూకుని ఏదో ఒకటి తోలతానే ఉన్నాను. ఆ ఒక్క పూట నేనేటీ తోలను. పెద్ద బండి కావాల. ఎనక సీట్లో కూకోవాల. అంతే."

"నేను తీసుకొస్తాను" అన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. ఈ వాక్యం గుర్తుంచుకోండి. తర్వాత జరిగినదానికి బాధ్యులెవరని విచారణ అక్కర్లేదు.

పెద్ద బండి మా పక్కింటి శోభ వాళ్ళది. ఢిల్లీలో ఎవరో విదేశీయుడు దేశం వదిలి వెళ్తూ అమ్మేస్తే శోభ భర్త కొన్నాడు. లారీకి తమ్ముడిలా ఉంటుంది. అతను ఆరడుగుల మనిషి. శోభ నా ఎత్తు. నా ఎత్తు ఐదడుగులకు కొంచెం తక్కువ. ఎంత తక్కువన్నది ఇంతవరకూ ఎక్కడా ప్రచురించలేదు. అయినా శోభ ఆ బండిని ఆడుతూ పాడుతూ నడుపుతుంది. ఎలాగో ఆ రోజు పొద్దున చూపించింది.

నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. నా కాళ్ళు గాలిలో ఉన్నాయి. సీటు ముందుకు లాగబోయాను.

"నై దీదీ, సీటు అంత ముందుకి లాగొద్దు. స్టీరింగ్ లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా. ఛాతీ దానికి ఆనిపోయి ఉంటే, అది పేలినప్పుడు దెబ్బంతా మనకే. అందుకే ఈ బండిలో మనం పెడల్స్ దగ్గరికి వెళ్ళం. పెడల్సే మన దగ్గరికి వస్తాయి."

స్టీరింగ్ పక్కన కింద ఏదో బటన్ నొక్కింది. సన్నగా చప్పుడు. కిందికి వంగి చూశాను. బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ కలిసి, ఒకే దూరం, తల దించుకుని పీటల మీదికి వచ్చే పెళ్ళికూతురిలా నిదానంగా నా పాదాల దగ్గరికి వచ్చి ఆగాయి! నా జన్మలో యంత్రం ఏదీ నాకు అంత మర్యాద చేయలేదు.

"లోపల చిన్న మోటార్ ఉంటుంది దీదీ. అది ఒక మరచుట్టు కడ్డీని తిప్పుతుంది. ఇటు తిప్పితే పెడల్స్ ముందుకి, అటు తిప్పితే వెనక్కి. మీకు సరిపోయేలా సెట్ చేసేశాను, ఈ తాళంలో సేవ్ అయిపోయింది. ఇంకో విషయం..."

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. దుర్గ్‌లో ఒక హిందీ పత్రిక డెస్కులో ఎన్నో ఏళ్ళు పనిచేశాను. మా దగ్గర వార్తలో ముఖ్యమైనది మొదటి పేరాలో ఉంటుంది. జాగా చాలకపోతే కింది నుంచి కోసేస్తాం. ఆ అలవాటు మనుషుల మాటలకీ అంటుకుంది. మొదటి రెండు పేరాలు విన్నాక తలూపేస్తాను.

"అర్థమైందమ్మా. స్పేర్ తాళం కూడా ఇవ్వు" అన్నాను. రెండో పెన్ను, రెండో కళ్ళజోడు లేకుండా నేను గడప దాటను. శోభ కొంచెం తటపటాయించి ఇంట్లోంచి ఇంకో తాళం తెచ్చింది. నాకు ముందు ఇచ్చినదానికి ఎర్ర రిబ్బను ఉంది. ఇది నల్ల తోలు ముక్కతో ఉంది.

"ఇదిగో దీదీ. కానీ ఈ నల్లది..."

"పోగొట్టనులే!" అన్నాను.

ఆ నల్లది వాళ్ళాయన తాళం. దాంతో తలుపు తెరిస్తే ఆరడుగుల మనిషి వస్తున్నాడని బండి అనుకుంటుంది. సీటునీ పెడల్స్‌నీ అతని కాళ్ళకు తగ్గట్టు వెనక్కి జరిపేస్తుంది. ఈ సంగతి నాకు సాయంత్రం వరకూ తెలియదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను. ముఖ్యమైనది దాచిపెట్టి చదివించడం మా వృత్తిలో లేదు. శోభ దాన్ని ఆఖరి పేరాలో పెట్టింది, నేను కోసేశాను.

గేటు దాకా హాయిగా వెళ్ళాను. చేతులకు చెమటలు పట్టాయి కానీ అది భయం వల్ల కాదు, పరాయి బండి కాబట్టి. సరే, భయం వల్లే. ప్రతి ఆటోవాడూ నా మీదికే వస్తున్నట్టు ఉంది. అయినా బ్రేకు తొక్కితే ఆగింది, వదిలితే కదిలింది. బండి నుంచి అంతకన్నా నేనేమీ ఆశించలేదు.

గేటు ముందు జనం. నెలాఖరు కదా, ఆ రోజు రిటైరయ్యేవాళ్ళు చాలామంది. బ్యాండ్లు, బండ్లు, దండలు. మా బండి కోసం ఇద్దరు బంతిపూలతో కాచుకుని ఉన్నారు. ఇద్దరూ అప్పల్రాజు స్నేహితులే, పోయినేడు రిటైరైనవాళ్ళే. కామేశ్వర్రావు మెకానికల్, గోవింద ఎలక్ట్రికల్. నేను దిగగానే కామేశ్వర్రావు చెయ్యి చాపాడు.

"తాళం ఇలగ ఇవ్వండి మేడమ్ గారూ."

"ఎందుకండీ? నా దగ్గరే ఉంటుంది కదా."

"అలగ కుదర్దు. మిషన్ మీద మనిషి పని చేస్తన్నప్పుడు తాళం ఆపరేటర్ దగ్గర ఉండకూడదు. పని చేసేవోడి దగ్గర ఉండాల. మేం ముందర పూలు కడతన్నప్పుడు మీరు చూసుకోకుండా స్టార్ట్ చేసీసారనుకోండి?"

"నేనెందుకు చేస్తాను?"

"అందరూ అలగే అంటారు" అన్నాడు గోవింద. "నేను ఎనకాల కడతాను. నాకూ ఒక తాళం కావాల. ఇద్దరు పని చేస్తే రెండు తాళాలు. రూలు రూలే."

స్పేర్ తాళం తెచ్చుకున్నందుకు గర్వపడుతూ రెండూ ఇచ్చాను. ముందు పని కామేశ్వర్రావుది, అతనికి ఎర్రది. వెనక పని గోవిందది, అతనికి నల్లది. ఇద్దరూ బండికి తాళం వేసి మరీ పూలు కట్టారు. ఇంత పద్ధతిగా పని చేసేవాళ్ళు ఈ దేశంలో ఇంకా ఉన్నారని సంతోషించాను కూడా.

పని పూర్తయింది. గోవింద మర్యాదగా తన తాళంతో బండి తెరిచి, తలుపు పట్టుకుని, "రండి మేడమ్ గారూ, షట్‌డౌన్ అయిపోయింది, మిషన్ మీకు అప్పజెప్పీస్తన్నాం" అని రెండు తాళాలూ చేతిలో పెట్టాడు.

ఎక్కి కూర్చున్నాను. ఇంజన్ స్టార్ట్ చేశాను. బ్రేకు తొక్కాను.

బ్రేకు లేదు!

కాలు ముందుకు చాపాను. గాలి. ఇంకా చాపాను. ఇంకొంచెం గాలి. అరగంట క్రితం ఉన్న బ్రేకు ఇప్పుడు లేదు. నాకు మొదట వచ్చిన ఆలోచన బండి గురించి కాదు, నా గురించి. ఈ వయసులో హఠాత్తుగా కాలు పొట్టిదైతే దాన్ని ఏ జబ్బంటారు? పక్షవాతమా? చెయ్యి పైకెత్తి చూసుకున్నాను, లేచింది. మూతి అద్దంలో చూసుకున్నాను, తిన్నగానే ఉంది. నా పేరు మనసులో చెప్పుకున్నాను. బాగానే చెప్పాను. అయితే కాళ్ళే తగ్గాయి.

"బ్రేకు అందడం లేదు!" అన్నాను.

జనంలో అది ఎలా ప్రయాణించిందో చూడండి. కిటికీ దగ్గర 'బ్రేకు అందడం లేదు'. బానెట్ దగ్గర 'బ్రేకు పని చేయడం లేదు'. గేటు దగ్గర 'బ్రేక్ ఫెయిల్!' ఇద్దరు ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని పేవ్‌మెంట్ ఎక్కేశారు. కదలని బండి ముందు నుంచి!

ఆ బండి గేరు పార్కింగ్‌లోంచి బయటికి రావాలంటే బ్రేకు తొక్కాలి. బ్రేకు అందదు కాబట్టి గేరు కదలదు. గేరు కదలదు కాబట్టి బండిని తోయడానికీ లేదు. సీటు చివరికి జారి, నడుం వంచి, బొటనవేలు సాగదీస్తే బ్రేకు తగిలింది. కానీ అప్పుడు నా కళ్ళు డ్యాష్‌బోర్డు కిందికి వచ్చేశాయి. బ్రేకు అందితే రోడ్డు కనపడదు, రోడ్డు కనపడితే బ్రేకు అందదు. రెండూ ఒకేసారి కావాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాను.

శోభకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

పొద్దున ఆమె నొక్కిన బటన్ గుర్తొచ్చింది. వెతికి పట్టుకున్నాను. దానికి రెండు వైపులు. ఒక వైపు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. ఏమీ కదల్లేదు. పెడల్స్ వెనక్కి వెళ్ళగలిగినంత అప్పటికే వెళ్ళిపోయాయి, నేను ఇంకా వెనక్కే పొమ్మంటున్నాను. రెండో వైపు నొక్కవచ్చునని నాకు తట్టలేదు. బటన్ పాడైపోయిందని తేల్చేశాను. పరాయి బండి బటన్!

పోనీ సీటు జరుపుదామని సీటు పక్కన చెయ్యి పెట్టి దొరికింది నొక్కాను. సీటు జరగలేదు. వీపు వాలడం మొదలుపెట్టింది. పూల బండిలో, అంత జనం మధ్య, నేను మెల్లగా, ఆగకుండా వెల్లకిలా పడుకున్నాను. పై నుంచి కామేశ్వర్రావు ముఖం కనపడింది.

"మేడమ్ గారికి కళ్ళు తిరిగాయి! నీళ్ళు తెండి!"

ఎవరో నీళ్ళు చల్లేశారు కూడా.

నన్ను లేపి కూర్చోబెట్టాక ఇద్దరూ పెడల్స్ వైపు వంగి చూశారు. వీళ్ళ లోకంలో మిషన్ ఆగితే మొదటి ప్రశ్న ఎలా నడపాలన్నది కాదు, డిలే ఎవరి ఖాతాలో రాయాలన్నది.

"ఇది కచ్చితంగా ఎలక్ట్రికల్" అన్నాడు కామేశ్వర్రావు. "మోటార్‌కి కరెంటు రావట్లేదు."

"కరెంటు రాపోతే సీటెలాగ వాలింది?" అన్నాడు గోవింద. "మీ మెకానికలే. ఆ కడ్డీ జామ్ అయిపోనాది. గ్రీజు లేదు."

"గ్రీజు మాట ఎత్తకు. సర్వీసంతా అదే మాటన్నావు."

"సర్వీసంతా అదే కారణం మరి!"

"బాబూ," అన్నాను, "ముందు బండి కదలాలి."

"కదుల్తాది మేడమ్ గారూ. ముందు ఎందుకాగిందో తేలాల కదా!"

ఒకాయన ఇటుక ముక్క తెచ్చి బ్రేకు పెడల్‌కి తాడుతో కడదామన్నాడు. తాడు కూడా తెచ్చాడు. నేను పెడల్‌కి కాపలాగా రెండు కాళ్ళూ అడ్డం పెట్టాను. అప్పుడూ అందలేదు.

ఇంతలో గేటు దగ్గర కేకలు. అప్పల్రాజు బయటికి వచ్చాడు. మెడలో దండలు చెవుల దాకా ఉన్నాయి, నుదుటి నిండా గులాల్. స్నేహితులు చుట్టూ ఎగురుతున్నారు. ఎప్పుడూ నవ్వని మనిషి నవ్వుతున్నాడు. వచ్చి వెనక సీట్లో, మధ్యలో, రెండు చేతులూ చాపుకుని కూర్చున్నాడు.

"పదండి వదినా!"

నేను కదల్లేదు. బండి కదల్లేదు. ఎగిరేవాళ్ళు కాసేపు ఎగిరి, అలిసిపోయి ఆగారు.

"ఏటయింది వదినా?"

"కాలు అందడం లేదు నాయనా."

"వచ్చినప్పుడు అందిందా?"

"అందింది."

అతను నా కాళ్ళ వైపు చూశాడు. తర్వాత నా ముఖం వైపు చూశాడు. మర్యాదస్తుడు, చూపు తిప్పుకున్నాడు.

సెక్యూరిటీ జవాను వచ్చి కిటికీ మీద కొట్టాడు. "మేడమ్, గాడీ హటాయియే. వెనక షిఫ్టు బస్సులు ఆగిపోయాయి." చూస్తే నిజమే, బస్సుల వరస. ఇంకా ముగ్గురు రిటైరైనవాళ్ళు దండలతో తమ బండ్లలో మా వెనక ఇరుక్కుని హారన్లు కొట్టిస్తున్నారు. అప్పుడే సత్య ఫోను. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, ఎక్కడున్నారు? ధుమాల్ వాళ్ళు సామాను సర్దీస్తన్నారు! వాళ్ళకి మరోదా కాలనీలో ఇంకో రిటైర్మెంటుందట. ఇంకొంచెం సేపే ఆగతారట. పొద్దుట్నుంచి కాళ్ళు కాలిన పిల్లిలాగ తిరుగుతన్నాను. ఆయన బాజా లేకుండా వొస్తే నేను సూడలేనప్పా!"

ఈ మనిషి ఒక్కటంటే ఒక్కటి అడిగాడు. అది నేను ఇస్తానన్నాను.

"ఎవరైనా నడపండి" అన్నాను. కామేశ్వర్రావు, "గేర్లు మార్చే పని లేని బండి మనకి రాదు" అన్నాడు. గోవిందకి స్కూటరు తప్ప తెలియదు. వెనక నుంచి అప్పల్రాజు నిట్టూర్పు వినపడింది. దిగి వచ్చి, నన్ను దింపి, "చూద్దాం" అని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. అతనూ ఆరడుగులే. పాదం తిన్నగా బ్రేకు మీద పడింది.

"బాగానే ఉంది కదా వదినా!"

గోవింద కామేశ్వర్రావు వైపు తిరిగి, "రాసుకో. ఆపరేషన్ డిలే" అన్నాడు. అంటే తప్పు యంత్రానిది కాదు, ఆపరేటర్‌ది. నాది.

దండలు స్టీరింగ్‌కి అడ్డం పడుతున్నాయి. అప్పల్రాజు తీసి చూశాడు. పక్క సీట్లో కొబ్బరికాయలు, స్వీట్లు, ప్లాంటువాళ్ళిచ్చిన గోడగడియారం. పెట్టడానికి చోటు లేదు. "కాసేపు ఉంచండి వదినా" అని నా మెడలో వేశాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. బండి కదిలింది. ఏదీ తోలనన్న మనిషి తోలుతున్నాడు. తీసుకొస్తానన్న మనిషిని బంతిపూల మధ్య నుంచి ముక్కు మాత్రం బయట పెట్టి తీసుకెళ్తున్నారు.

క్యాంప్ 2లో వాళ్ళ సందు మొదట్లోకి వచ్చేసరికి ధుమాల్ వాళ్ళు ఇంకా ఉన్నారు! పూల బండి కనపడగానే ఒక్కసారిగా అందుకున్నారు. ఆ మోత మీరు వినాలి, గుండె పక్కటెముకలకు కొట్టుకుంటుంది. ఆ మోతలో మాట వినపడదు. సందు మొదటి ఇళ్ళ ఆడవాళ్ళు, షిఫ్టుల మనిషి అప్పల్రాజు ముఖం ఎరగనివాళ్ళు, హారతి పళ్ళెంతో పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తెరిచారు. వెనక సీటు, మెడలో దండలు. వాళ్ళకింకేం కావాలి? నుదుట బొట్టు పెట్టారు. హారతి తిప్పారు. చెయ్యి పట్టి దింపి నోట్లో లడ్డూ కుక్కారు. "నేను కాదు, ఆయన!" అని అరిచాను. లడ్డూతో అరిస్తే ఆనందంగా ఉన్నట్టే వినపడుతుంది.

"బధాయీ హో దీదీ! ఇక హాయిగా రెస్టు తీసుకోండి!"

బాజా మేస్త్రి డ్రైవర్ కిటికీ దగ్గరికి వెళ్ళి అరిచాడు. "డ్రైవర్ భయ్యా, సవారీ దిగిపోయింది. గాడీ అవతలి సందులో పెట్టు. రాస్తా జామ్ అయిపోతుంది!"

అప్పల్రాజు ఏదో చెప్పబోయాడు. మేస్త్రి బానెట్ మీద రెండు దెబ్బలు వేసి దారి చూపించాడు. అప్పల్రాజు క్రేన్‌కి అలవాటైన మనిషి కదా, కింద నుంచి చేత్తో సైగ చేస్తే బండి ఆ వైపే పోతుంది. పోయింది.

నన్ను ఊరేగించారు. నిజంగా ఊరేగించారు. గుమ్మం దాకా బాజా, పూలు. గుమ్మంలో పళ్ళెం పట్టుకుని పట్టుచీరలో నిలబడ్డ సత్య ముఖం నేను చచ్చేదాకా మర్చిపోను.

"అప్పా! నువ్వేటి దిగినావు? ఆయనేడీ?"

"బండి పార్క్ చేయడానికి వెళ్ళాడు."

సత్య పళ్ళెం అరుగు మీద పెట్టేసింది. తిట్టినా బాగుండేది. ధుమాల్ వాళ్ళు చివరి దెబ్బ వేసి మరోదాకి వెళ్ళిపోయారు. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అప్పుడు నా ఫోను మోగింది. శోభ.

"సారీ దీదీ, పార్లర్‌లో ఉన్నా. ఎనిమిదిసార్లు చేశారు, క్యా హువా?"

ఏడుపు గొంతుతో చెప్పాను. అటు నుంచి నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. నల్ల తాళం సంగతి అప్పుడే తెలిసింది.

"అదే చెప్పబోయా కదా! ఆగండి, వస్తున్నా."

జుట్టుకి రంగు వేసుకున్న తలకి ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని, అలాగే స్కూటీ మీద వచ్చింది. నా దగ్గర ఎర్ర తాళం లాక్కుని అవతలి సందులోకి వెళ్ళింది. నేనూ సత్యా వెనకాల పరుగు. అప్పల్రాజు బండిలోనే, డ్రైవర్ సీట్లోనే కూర్చుని ఉన్నాడు. దండలు లేకుండా ఇంటికెలా రావాలో తెలియలేదట.

శోభ అతన్ని దింపి, తలుపు మూసి, ఎర్ర తాళంతో మళ్ళీ తెరిచింది. సన్నగా చప్పుడు. సీటు ముందుకొచ్చింది. పెడల్స్ రెండూ, ఇంతసేపూ పక్క గదిలోనే ఉన్నట్టు, బుద్ధిగా బయటికి వచ్చాయి. వాటిని అప్పుడు నేనన్న మాట అచ్చు వేయడానికి పనికిరాదు.

దండలు అప్పల్రాజు మెడలోకి వెళ్ళాయి. అతను వెనక సీట్లోకి వెళ్ళాడు. అవతలి సందు నుంచి గుమ్మం దాకా ఉన్న కాస్త దూరమే, శోభ నత్త నడక నడిపింది. బాజా లేదని వీధి ఆడవాళ్ళు ఇళ్ళలోంచి స్టీలు పళ్ళాలూ గరిటెలూ తెచ్చి వాయించారు. సత్య హారతి ఇస్తూ ఏడ్చింది. అప్పల్రాజు రెండు చేతులూ చాపుకుని కూర్చుని, గుమ్మం వచ్చినా కాసేపు దిగలేదు.

అంతా సుఖాంతం అనుకున్నాను. మర్నాడు, సత్య నన్నూ చేర్పించిన వాళ్ళ వీధి వాట్సాప్ గ్రూపు తెరిస్తే నా ఫొటో! మెడలో దండలు, నోట్లో లడ్డూ. కింద 'సుదీర్ఘ సేవ అనంతరం రిటైరైన దీదీకి అభినందనలు'. దాని కింద యాభై నమస్కారాలు. నేనూరుకుంటానా? వెంటనే పద్ధతి ప్రకారం సవరణ పెట్టాను. 'పై ఫొటోలో ఉన్నది రిటైరైన వ్యక్తి కాదు. రిటైరైన వ్యక్తి ఆ సమయంలో బండి నడుపుతున్నారు. పొరపాటుకు చింతిస్తున్నాం.'

నిమిషంలో సందు మొదటింటి నుంచి జవాబు వచ్చింది.

'అచ్ఛా! అయితే డ్రైవర్ భయ్యా కూడా రిటైరయ్యారా? మరి రేపట్నుంచి మీకు బండి ఎవరు నడుపుతారు దీదీ?'